తెల్లారుజామున నాలుగ్గంటలు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెల్లారుజామున నాలుగ్గంటలు గారికి, గుంటూరు కొరిటెపాడు నుంచి ఒక పాత కారు యజమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, మీరు కూడా మా గోడ గడియారంలో క్షేమంగానే ఉంటారని తలుస్తాను, మా ఇంట్లో ఇంతవరకూ మీ జోలికి వచ్చినవాళ్లెవరూ లేరు కదా.

మీకు తెలుసో తెలీదో గానీ మీ పేరు చెప్పుకునే మేమొక ప్రయాణం పెట్టుకున్నాం. నాగార్జునసాగర్ నీళ్ల చుట్టూ కార్లో ఒక్క రౌండు కొట్టి రావాలి, అంతే. గుంటూర్లో బయల్దేరి నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల, అక్కణ్ణించి నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం, మళ్ళీ మలుపులు దిగి డ్యాం కింద లింగాలగట్టు దగ్గర వంతెన మీద కృష్ణ దాటి అవతల ఈగలపెంట, మన్ననూరు, డిండి, దేవరకొండ, సాగర్, మాచర్ల, పిడుగురాళ్ల, ఇల్లు. ఐదొందల కిలోమీటర్ల పైమాటే. ఒక్కరోజులో కొట్టేయొచ్చని మా బావగారు తేల్చేశారు, తేల్చేసి చివర్లో మెల్లిగా "పొద్దున్నే నాలుగింటికి బయల్దేరితే" అన్నారు. అదిగో, అక్కడ దూరారండి మీరు మా కొంపలోకి.

ముందురోజు రాత్రి మీకు జరిగే మర్యాద చూడాలి. ఎన్నికల ముందు ఓటరుకి కూడా అంత జరగదు. ఫ్యామిలీ గ్రూపులో బావగారు "షార్ప్ నాలుగు" అని పెట్టగానే అందరూ బొటనవేళ్లు, దణ్ణాలు, మా చిన్న బావమరిదైతే "మూడున్నరకే కిందుంటా" అని ఇంకో అరగంట ఎదురు కట్నం కూడా ఇచ్చాడు. మీరొచ్చే టైముకి ఆ మూడున్నర మనిషి దుప్పటి ముసుగులో ఉన్నాడు. అయిదున్నరకి గీజరు దగ్గర క్యూ, ఆరున్నరకి పులిహోర పోపు, ఏడింటికి అత్తయ్యగారు పంచాంగం తీసి ఎనిమిదీ పది దాకా వర్జ్యం ఉందన్నారు. ఆ వర్జ్యం రాత్రి ఎవరికీ కనపళ్ళేదండి, తెల్లారాకే పుట్టింది. వర్జ్యం వెళ్లిపోయాక టైర్లలో గాలి చూసుకోలేదని గుర్తొచ్చింది. 

ఈ లోపల బావగారు హాల్లో కూర్చుని సాగర్ చరిత్ర చెప్తున్నారు, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1967లో ఇందిరాగాంధీ వచ్చి కాలవలకి నీళ్లు వదిలిందీ, 26 గేట్లూ, 590 అడుగుల నీటిమట్టమూ, నది మీద కట్టింది రాతికట్టేనూ అని. అంటే పన్నెండేళ్లలో అంత రాతి డ్యాం లేచి నిలబడింది, మా బావమరిది మాత్రం ఎనిమిదింటికి కూడా లేవలేదు.

మొదటిసారి ఇల్లు కదిలింది తొమ్మిదింబావుకి. నరసరావుపేటలో టిఫిన్. టిఫిన్ దగ్గర ఎవరో కోటప్పకొండ ఇంతదూరం వచ్చి చూడకపోతే ఎట్టా అన్నారు (ఇంతదూరం ఎక్కడ, నలభై అయిదు కిలోమీటర్లు వచ్చాం), చూశాం. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం కాబట్టి అక్కడా ఆగాం. శిఖరం దగ్గర నంది కొమ్ముల్లోంచి గుడి గోపురం చూస్తే ఇంక పునర్జన్మ ఉండదంటారు, చూశాం, మాకేమో గానీ మీకు మాత్రం పనిచెయ్యలేదు సార్, ప్రతి సంక్రాంతి సెలవులకీ మా గ్రూపులో మళ్ళీ పుడతానే ఉన్నారు. సాక్షి గణపతి దగ్గర ఇంకా ఇబ్బంది. ఆయన చేతిలో కలం పుస్తకం పట్టుకుని ఎవరొచ్చారో రాసుకునే స్వామి గదా, మా అత్తయ్యగారు ఆయన ముందు చేతులు కట్టుకుని "నాలుగింటికి బయల్దేరాం స్వామీ" అనేశారు. ఆయన ఏం రాసుకున్నాడో ఆయనకే తెలియాలి.

దర్శనం అయ్యి బయటికొచ్చేసరికి రాత్రి ఏడున్నర. టీ కొట్టాయన మా మొహాలు చూసి "ఇప్పుడు దిగితే అవతల గేటు దొరకదండీ" అన్నాడు. అప్పుడు తెలిసింది మాకు అసలు సంగతి. ఆ అడవి రోడ్డుకి అటు మన్ననూరులో, ఇటు దోర్నాలలో చెక్‌పోస్టులున్నాయి, రాత్రి తొమ్మిదికి కర్ర దించితే మళ్ళీ పొద్దున ఆరుకే ఎత్తడం. పులులున్న అడవి అది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇటుపక్క నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు, అటుపక్క అమ్రాబాద్ అని రెండయ్యింది గానీ కర్ర టైము మాత్రం రెండుపక్కలా ఒకటే. రాత్రిళ్లు రోడ్డు జంతువులది, పగలు మనది. న్యాయమే, మేమేం అనం. మాకు పగలే దొరకట్లేదు, అదీ బాధ. సత్రంలో పడుకుని పొద్దున బావగారికి ఆఫీసు ఉందని వచ్చిన దారినే తిరుగుముఖం. రౌండు కాస్తా అరచందమామ అయింది.

రెండోసారి తెలివిగా తిరగేసి వెళ్దాం అన్నారు, ముందు సాగర్, తర్వాత అడవి. మిమ్మల్ని మళ్ళీ పిలిచాం, మళ్ళీ షార్ప్ అన్నాం, ఎనిమిదిన్నరకి బయల్దేరాం, ఇది మా వంశంలో రికార్డు. మాచర్ల దాటాక ఎత్తిపోతల దగ్గర ఆగి, సాగర్లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ దాకా పోయి వచ్చాం. డ్యాం కడితే మునిగిపోతాయని ఇక్ష్వాకుల నాటి బౌద్ధ శిల్పాల్ని ముందే ఆ కొండమీదికి చేర్చి పెట్టారు చూడండి, అలా నీళ్లు రాకముందే లేచి పని చేసినవాళ్లు కూడా ఉన్నారీ దేశంలో, వాళ్లకి మీరు బాగా పరిచయం అయ్యుంటారు. అన్నట్టు చుట్టూ తిరుగుతున్నాం అంటామే గానీ ఈ రోడ్డు మీద నీళ్లు సరిగ్గా కనపడేది ఈ చివర సాగర్లో, ఆ చివర శ్రీశైలంలో, మధ్యలో పత్తి చేలూ రాళ్లూ అడవే. ఆ మాట మా ఆవిడ దేవరకొండలో అంటే బావగారు నొచ్చుకున్నారు.

మన్ననూరు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. కర్ర దిగి ఉంది. బావగారు కారు దిగి వెళ్ళి మాట్లాడారు, గుంటూరు నుంచి వస్తున్నామన్నారు, పెద్దావిడ ఉందన్నారు, శ్రీశైలం డ్యాం 885 అడుగుల నీటిమట్టం గురించి కూడా ఏదో చెప్పబోయారు, అక్కడున్న మనిషి అన్నీ మర్యాదగా విని ఆరింటికి రండి అన్నాడు. వరసగా ఆగిన లారీల వెనక మేమూ పెట్టుకున్నాం. అద్దాలు మూస్తే ఉక్క, తీస్తే దోమలు. పొద్దున చేసిన పులిహోర అప్పుడు తిన్నాం, కొంచెం పులిసింది, ఎవరూ మాట్లాడలేదు.

అదిగో ఆ రాత్రే సార్, మొదటిసారి మీరు మాకు దర్శనం ఇచ్చారు. నిద్రెవడికీ పట్టలేదు. సరిగ్గా మీరొచ్చే టైముకి బావమరిది బాటిల్ నీళ్లతో మొహం కడుక్కుని డ్రైవర్ సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు, పిల్లలు చెప్పులేసుకున్నారు, అత్తయ్యగారు వర్జ్యం లేదు పొమ్మన్నారు, బ్యాగులు డిక్కీలో, గాలి టైర్లలో. షార్ప్ నాలుగు! మా ఇంటిల్లిపాదీ రెడీగా ఉన్న ఒకే ఒక్క నాలుగు. ముందేమో కర్ర. ఇంకో రెండు గంటలు ఆ కర్రని చూస్తా కూర్చున్నాం.

ఇట్లు
మీ రాక కోసం అలారం పెట్టి, మీరొచ్చాక ఆపేసే
ఒక గుంటూరు వాస్తవ్యుడు

తా.క. బావగారు ఇందాకే గ్రూపులో పెట్టారు. వచ్చే ఆదివారం, ఈసారి మూడింటికట. మీ తమ్ముడుగారికి కాస్త చెప్పి ఉంచగలరు.