రియల్ టైమ్ కాపీ ఒక్కటే కాపాడదు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ వచ్చిందంటే అడ్తి దుకాణాల్లో రోజంతా తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, కొడుతూనే ఉంటారు. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ ఖర్చు అన్నీ కంప్యూటర్‌లోకే ఎక్కుతాయి. ఇలాంటి చోటికి డేటా రెప్లికేషన్ సాఫ్ట్‌వేర్ అమ్మ వచ్చేవాళ్లు మొదట చెప్పే మాట 'రియల్ టైమ్'. ఇక్కడ సేవ్ చేస్తే క్షణంలో అక్కడా సేవ్ అవుతుందంటారు. నిజమే. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. డెమోలో ఆ సంగతి రాదు.

ఒకచోట జరిగిన మార్పును ఉన్నదున్నట్టు రెండోచోటికి చేర్చడమే రెప్లికేషన్ పని. ఆ మార్పు మనం చేసిందా, వైరస్ చేసిందా అన్నది దానికి పట్టదు. 2017 మే నెలలో వచ్చిన వానాక్రై లాంటి రాన్సమ్‌వేర్ (డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తాననే వైరస్) ఫైళ్లకు తాళం వేసినప్పుడు, రియల్ టైమ్ కాపీలోకీ ఆ తాళం పడ్డ ఫైళ్లే వెళ్తాయి. అందుకే నేనైతే వేగం కంటే ముందు ఎన్ని రోజులు వెనక్కి వెళ్లగలమో అడుగుతాను. ఫైల్ పాత రూపాలను దాచే వెర్షనింగ్, ఫలానా గంటకు డిస్క్ ఎలా ఉందో పట్టి ఉంచే స్నాప్‌షాట్ ఉండాలి. చాలా రాన్సమ్‌వేర్లు విండోస్ అదే కంప్యూటర్‌లో దాచే పాత కాపీలనే (షాడో కాపీలు) ముందు చెరిపేస్తాయి. కాబట్టి గడువు తీరేదాకా అడ్మిన్ పాస్‌వర్డ్‌తో కూడా చెరపలేని కాపీ ఒకటి విడిగా ఉండాలి. దీనికి డబ్బు ఎక్కువ అడుగుతారు. పెట్టదగ్గ ఖర్చు ఇదే.

సింక్రనస్ పద్ధతిలో రెండుచోట్లా రాయడం పూర్తయ్యాకే సేవ్ అయినట్టు లెక్క. ఒక్క ఎంట్రీ కూడా పోదు కానీ నెట్ మందగిస్తే దుకాణంలో పనీ మందగిస్తుంది. అసింక్రనస్‌లో పని ఆగదు, ప్రమాదం జరిగితే చివరి కొన్ని నిమిషాల ఎంట్రీలు పోవచ్చు. చేతిలో కాగితం చీటీలు ఉండే అడ్తిదారుకు రెండోదే చాలు. బ్యాంకు సంగతి వేరు.

కాపీ ఎక్కడుందన్నదీ చూడాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్న కొందరికి రెండూ పోయాయి. మనకు నిప్పు కంటే నీటి భయం ఎక్కువ. 2023 జూలై వానలకు భద్రకాళి చెరువు కట్ట తెగింది, కాలనీలకు కాలనీలు మునిగాయి. సర్వర్ వరంగల్‌లో, కాపీ హన్మకొండలో ఉంటే రెండింటి మీదా ఒకే వాన. ఒక కాపీ హైదరాబాద్‌లోనో ఇంకా దూరంలోనో ఉండాలి.

అయితే దూరం నుంచి డేటా తెచ్చుకోవడానికి టైమ్ పడుతుంది. 500 జీబీని 100 ఎంబీపీఎస్ లైన్ మీద దించుకోవాలంటే, లైన్ ఎక్కడా తగ్గకపోయినా 11 గంటలు. అందుకే మొత్తం దిగేదాకా ఆగకుండా, కావలసిన ఒక్క ఫైల్‌ను విడిగా తీసే సౌకర్యం ఉందో లేదో చూడాలి.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో రెప్లికేషన్ సరిచేస్తున్న ఇంజినీర్ రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డేటా చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు చాలానే ఉన్నా అక్కరకు రాలేదు. దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఆదుకుంది. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పడితే, అమ్మేవాడి మాట మీద మనం చెక్కు రాయడమేంటి? మార్కెట్ సెలవు రోజున పిలిచి, పోయిన వారం తక్‌పట్టీల ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూపించమనాలి. ఎంతసేపు పట్టిందో రాసుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడాలి.