మహారాజశ్రీ మస్టాంగ్ దొరగారికి, గ్యారేజీ పాలేరు విన్నపం

మహారాజశ్రీ మస్టాంగ్ దొరగారి సముఖానికి,

ఫోర్డ్ వారి స్పోర్ట్స్ కారైన తమరికి పాలేరు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. వేళ్లకు ఇంకా స్పర్శ ఉంది కాబట్టి క్షేమమనే అనుకోవాలి. తమరి క్షేమం ఇప్పుడే స్వయంగా చూసి వచ్చాను. దుప్పటి జారలేదు, ఛార్జరు మీద పచ్చ లైటు వెలుగుతోంది.

రాత్రి అమెరికాలోని మిషిగన్‌లో, మా నోవై ఊళ్లో ఎనిమిది అంగుళాల మంచు పడింది. పొద్దున్నే ఆరింటికి లేచి, ఉన్న స్వెట్టర్లన్నీ తగిలించుకుని, పార పట్టుకుని బయటికొచ్చాను. ముందుగా ఎక్కడ తవ్వానో మనవి చేసుకోవాలి. మా ఆవిడ వ్యాను చుట్టూ కాదు. ఏప్రిల్ దాకా తెరవని తమరి గ్యారేజీ తలుపు ముందు. ఆ మంచు కరిగితే నీళ్లు తలుపు కిందనుంచి పాకి తమరి పాదాలు తడుపుతాయని నా భయం. మా ఆవిడ వంటింటి కిటికీ తీసి, "ఏవండీ, ఆఫీసుకెళ్లాల్సింది నేనా, అదా?" అని ఒకే ఒక్క మాట అని కిటికీ వేసేసింది. దానికి జవాబు దొరక్క తమరికే రాసుకుంటున్నాను.

మనిద్దరి పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి చూద్దాం. నేను పుట్టింది రెంటచింతలలో. అప్పటికి గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. ఎండాకాలం వచ్చిందంటే మా ఊరి పేరు చెప్పకుండా టీవీలో వార్తలు ముగియవు. మేలో 45 డిగ్రీలంటే మావాళ్లు తలెత్తి కూడా చూడరు. తమరు పుట్టింది ఇదే మిషిగన్‌లో, ఫ్లాట్ రాక్‌లో. 2004 నుంచి మస్టాంగ్‌లు అక్కడే తయారవుతున్నాయి (కరెంటుతో నడిచే మీ తమ్ముడి సంగతి వేరు, వాడు మెక్సికోలో పుట్టాడు). మా ఇంటికి ముప్పావుగంట దూరం. అంటే తమరు స్థానికులు, నేను పొట్ట చేతపట్టుకుని వచ్చినవాణ్ణి. న్యాయంగా అయితే చలికి ముడుచుకోవాల్సింది నేను, రోడ్డెక్కాల్సింది తమరు. జరుగుతున్నదేమిటి? ఎండలో పుట్టినవాడు మంచు తవ్వుతున్నాడు. మంచులో పుట్టినవారు ఫ్లానెల్ దుప్పటి ముసుగు తన్ని పడుకున్నారు.

పైగా ఉప్పు పడదంటారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. అక్కడ తవ్వకం మొదలై వందేళ్లు దాటింది. రోడ్ల మీద మంచు కరగడానికి ఆ ఉప్పునే చల్లుతారు. అంటే తమరు పుట్టిన గడ్డ ఉప్పే తమరి ఒంటికి పడదు. ఈ ఊరి కార్ల పరిశ్రమ ఉప్పు తింటున్నది నేను, తుప్పు భయంతో దాక్కున్నది తమరు. నవంబరులో మొదటి ఉప్పు లారీ మా వీధి మలుపు తిరగ్గానే మా అబ్బాయి "డాడీ, నీ కారుకి జైలు టైమ్" అని అరుస్తాడు. జైలు ఎవరికో వాడికింకా తెలియదు.

జైలుకు ముందు అభ్యంగనం ఉంటుంది. ఒళ్లంతా కడిగి, చక్రాల గూళ్లలో పేరుకున్న మట్టి గోకి, సందుల్లో నీటిబొట్టు మిగలకుండా బ్లోయరుతో ఆరబెట్టి, పైన మైనం పట్టిస్తాను. తర్వాత ఎనిమిది క్వార్ట్‌ల కొత్త ఆయిల్. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయట, అవి అయిదు నెలలు ఇంజను లోపల ఊరకూడదట. నా రక్త పరీక్ష రెండేళ్లుగా వాయిదా పడుతోంది, అది వేరే విషయం. 16 గ్యాలన్ల ట్యాంకు మెడదాకా నింపాలి, ఖాళీ ఉంటే అందులో గాలి చేరి లోపల చెమ్మ పడుతుంది. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతారు కదా, అది ఆ చెమ్మను పీల్చుకుంటుంది. అందుకని రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు లెక్కన పెట్రోలు పాడవకుండా ఉంచే మందు పోసి, అది ఇంజెక్టర్ల దాకా పాకడానికి పది నిమిషాలు ఇంజను ఆన్‌లో ఉంచాలి. పసిపిల్లకు గ్రైప్‌వాటర్ పట్టి భుజం మీద వేసుకున్నంత ఓపిగ్గా ఆ పది నిమిషాలూ పక్కనే నిలబడతాను.

ఇదంతా మా అమ్మ ఒకరోజు వీడియో కాల్‌లో చూసింది. ఆ సమయానికి నేను నేలమీద బోర్లా పడుకుని తమరి సైలెన్సర్ గొట్టాలు రెండింట్లో గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరుతున్నాను, ఎలుకలు దూరకుండా. "ఏం నాయనా, బాలింతకు చెవుల్లో దూది పెట్టినట్టు పెడుతున్నావు. కాన్పు ఎప్పుడయింది?" అంది. నవ్వాను గానీ ఆలోచిస్తే అంతా అదే వరస. గాలి తగలకూడదు, తడి తగలకూడదు, గడప దాటకూడదు, దుప్పటి తొలగకూడదు. కాకపోతే మామూలు పురుడు పదకొండో రోజుకో ఇరవై ఒకటో రోజుకో తీరుతుంది. తమరిది నూట యాభై రోజుల పురుడు.

పాదాల దగ్గరికి వస్తాను. తమరిని కొన్న కొత్తలో ఇక్కడి వేంకటేశ్వరస్వామి గుడి ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. ఇప్పుడు అదే చక్రాల కింద నాలుగు ప్లైవుడ్ ముక్కలు, గచ్చు చలి తగలకుండా. ఒకేచోట నిలబడి టైర్లు చదునెక్కుతాయని గాలి 32 నుంచి 42కి పెంచాను. హ్యాండ్‌బ్రేక్ వేస్తే ప్యాడ్లు తుప్పుతో డిస్కుకు అతుక్కుంటాయని గేరులో ఉంచి చెక్క దిమ్మలు అడ్డం పెట్టాను. తమరివి సమ్మర్ టైర్లు. మైనస్ 7 సెల్సియస్ కిందకి పోతే ఆ రబ్బరు గట్టిపడి, కదిపితే చిట్లే ప్రమాదం ఉంది. జనవరిలో గ్యారేజీ లోపల కూడా అంతకంటే తక్కువే ఉంటుంది. అంటే వెనకున్న నిచ్చెన తీసుకోవడానికి తమరిని రెండడుగులు జరుపుదామన్నా వీల్లేదు. క్రిస్మస్ లైట్లు తీసి లోపల పెట్టడానికి నిచ్చెన కావాలి. అవి ఇంకా ఇంటి చూరుకే వేలాడుతున్నాయి. వీధిలో వాళ్లు సంక్రాంతికి కూడా పెట్టుకుంటారేమో అనుకుంటున్నారు.

అసలు గొడవ వ్యానుది. గ్యారేజీలో రెండు కార్లు పడతాయి. అయినా మా ఆవిడ వ్యాను రాత్రంతా మంచులోనే. ఎందుకంటే అది సాయంత్రం ఇంటికొచ్చేసరికి చక్రాల గూళ్ల నిండా ఉప్పు కలిసిన మంచు మోసుకొస్తుంది. లోపల పెడితే ఆ మంచు కరిగి, గచ్చంతా పారి, ఆవిరై తమరి ఒంటికే చేరుతుంది. మూసిన గదిలో తడిబట్టలు ఆరేసినట్టు. ఈ శాస్త్రం నేను భోజనాల దగ్గర చాలా వివరంగా చెప్పాను. మా ఆవిడ సాంతం విని, పెరుగన్నం కలుపుకుంటూ, "అంటే నా వ్యానుకు మైల, దాని గదిలోకి రాకూడదు. అంతేనా?" అంది. అంతే. ఆ రోజు నుంచి అద్దం మీది మంచు గోకే పని నాది. ప్లాస్టిక్ గోకుడు పలక విరిగిన రోజున సూపర్ మార్కెట్ మెంబర్‌షిప్ కార్డుతో గోకాను. ఆ కార్డు ఇప్పుడు వంగిపోయిన రేకులా ఉంది, స్కానరు దాన్ని గుర్తుపట్టడం లేదు.

పోయినేడాది సంగతి ఎత్తకూడదనుకున్నాను. కానీ ఎత్తుతాను. మార్చి చివర్లో దుప్పటి తీసి, తలుపు తెరిచి, ఫ్యాను వేశాను. గుప్పున ఒక వాసన. మూత్రం, పాత గోనెసంచి, వేయించిన శనగపప్పు, మూడూ కలిసిన వాసన. క్యాబిన్ ఫిల్టరు బయటికి లాగితే బానెట్ కింది దూది, టిష్యూ ముక్కలు, వాటి మధ్య పచ్చగా సగం కొరికిన పప్పుచెక్క! మా అమ్మ ఊరి నుంచి పంపినవి తలుపు అరలో మర్చిపోయాను. ఒరే, నిన్ను మైనం రాసి, మందు పోసి, పుట్టినరోజు పాపలా పడుకోబెడితే, నువ్వు నా పప్పుచెక్కలు ఎలుకలకు పెట్టి పెళ్లి చేస్తావా? పైగా అవి పెళ్లి విందు చాలక రెండు వైర్లు కూడా కొరికితే నోరెత్తలేదే నువ్వు! మెకానిక్ బిల్లు చూసి నాకు చెమట పట్టింది, అదీ మార్చి నెల మిషిగన్‌లో.

క్షమించాలి దొరగారూ. నోరు జారి ఏకవచనం వచ్చింది.

ఆ తర్వాతే తెలిసింది, ఎలుకలు కొరక్కుండా వైర్లకు చుట్టడానికి మిరప ఘాటు పట్టించిన టేపు దొరుకుతుందని. హోండా వాళ్లే అమ్ముతారు. గుంటూరు మిర్చి యార్డు గేటు ముందు మిర్చి బస్తాల మీద కూర్చుని టీ తాగిన మనిషిని, అమెరికాలో డాలర్లు పోసి కారం చుట్ట కొన్నాను. ఆ డబ్బుకు యార్డులో ఎన్ని కిలోలు వస్తాయో లెక్క మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాను. చుట్టాక చేతులు కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాను. సరుకు అసలుదే.

ఛార్జరు సంగతి మా ఆవిడ దగ్గర ఎత్తను. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50కి కూడా గడ్డకట్టదు, ఖాళీ అయినదైతే మైనస్ 7, 8కే గడ్డకట్టి పగులుతుంది. కాబట్టి రోజూ మంచులో నడిచివెళ్లి పచ్చ లైటు చూసి వస్తాను. "మీ బీపీ ఎంత?" అని తను అడిగితే తెలియదు. తమరి ఓల్టేజీ 12.7.

మొదటి ఏడాది రెండు వారాలకొకసారి తమరిని స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచేవాణ్ణి, ఒళ్లు పట్టెయ్యకుండా. పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్లు ఇక్కడి కార్ల ప్లాంటులో పనిచేసి రిటైరైనవాడు. ఒకనాడు ఆ చప్పుడు విని చెప్పులతోనే మంచులోకి వచ్చేశాడు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, అయిదు నిమిషాలకు ఇంజను వేడెక్కదు, ఆ నీళ్లు సైలెన్సర్లోను, ఆయిల్లోను మిగిలిపోతాయి, నువ్వు చేస్తున్నది సేవ కాదు అని చివాట్లు పెట్టాడు. గ్యారేజీలో హీటరు పెడదామా అన్నాను. చలితో ఏ ఇబ్బందీ లేదు, చెమ్మతోనే అన్నాడు. ఆయన తన కారును నవంబరులో పడుకోబెట్టి మళ్లీ ఏప్రిల్ దాకా మొహం చూడడట. మనిషి అంటే అలా ఉండాలి. నేను ఉండలేను.

ఆదివారం మధ్యాహ్నం వీళ్లంతా నిద్రపోయాక గ్యారేజీకి వస్తానని తమరికి తెలుసు. దుప్పటి ఒక పక్క కొంచెం ఎత్తి, డ్రైవరు సీట్లో జాకెట్‌తోనే కూర్చుంటాను. తాళం తిప్పను. స్టీరింగు ఐసు ముక్కలా ఉంటుంది. క్లచ్ తొక్కి, గేరు ఒకటి, రెండు, మూడు. నా నోటి ఆవిరి అద్దాన్ని కమ్మేదాకా. పోయిన ఆదివారం మా అబ్బాయి తలుపు సందులోంచి చూశాడు. నేను నోటితో ఇంజను చప్పుడు చేస్తున్నాను. వాడేమీ అనలేదు. తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్లిపోయాడు.

పోయినేడు తమరు తిరిగింది మొత్తం 1,900 మైళ్లు. నేను పట్టిన పార లెక్క రాసుకోలేదు.

ఇట్లు,
తమరి ఉప్పు తినని పాలేరు

తా.క.: గొట్టాల్లో పీచు ఉన్న సంగతి ఏప్రిల్‌లో మర్చిపోతానని స్టీరింగుకు ఒక అట్టముక్క కట్టాను. "స్టార్ట్ చేసే ముందు పీచు తియ్యాలి" అని ఉంటుంది. అట్ట కోసం వెతుకుతుంటే మా ఆవిడే తెచ్చిచ్చింది. దయచేసి వెనక్కి తిప్పి చూడకండి. అటువైపు తన దస్తూరీలో పెద్ద అక్షరాలతో "అమ్మబడును" అని రాసి ఉంది.