"ముందు సెటిల్ అవ్వాలి, సేవ తర్వాత" అనే మెసేజ్‌కి నా జవాబు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. కాలేజీ పిల్లలను మిషనరీ పనికి పంపొద్దట. చదువు పాడవుతుందట, అది పాస్టర్ల పనట, ఒడిశాలో సువార్త చెప్పడమే నేరమట. ఉద్యోగంలో సెటిల్ అయ్యాక కానుక పంపితే చాలట. మా సంఘం యూత్ గ్రూపులో ఇద్దరి తల్లిదండ్రులు అది చూపించి, ఈసారి సెలవుల్లో పిల్లలను పంపేది లేదన్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు నేరం సంగతి. ఇంట్లో వాళ్లకి అసలు టెన్షన్ అక్కడే. 1967 నాటి ఒడిశా మత స్వేచ్ఛ చట్టం బలవంతంగానో, మోసంతోనో, ప్రలోభంతోనో మతం మార్చడాన్ని నేరం అంటుంది. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. తన విశ్వాసాన్ని వివరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇస్తుంది కానీ, ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు ఇవ్వదని కూడా ఆ తీర్పులోనే ఉంది. అంటే చెప్పడం నేరం కాదు.

అయితే ఆ చట్టంలో ప్రలోభం అంటే డబ్బు ఒక్కటే కాదు, బహుమతి కూడా. నేను డిగ్రీలో ఉండగా మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లు ఒక కొండ ఊళ్లో దుప్పట్లు పంచి, వెంటనే జనాన్ని ప్రార్థనకు కూర్చోబెట్టి ఫొటోలు తీయించారు. ఒక ముసలాయన దుప్పటి చంకలో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ ముఖం నేను మర్చిపోలేదు. అందుకే మా పిల్లలకు మొదటి మాటగా చెబుతున్నాను: పంచడానికి ఏమీ పట్టుకెళ్లొద్దు.

భయపడటం తప్పు కాదు. 1999లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఆయన ఇద్దరు కొడుకులనీ సజీవదహనం చేసింది ఈ రాష్ట్రంలోనే. 2008లో క్రైస్తవుల మీద అల్లర్లు జరిగిన కంధమాల్ మన పక్క జిల్లానే. కాబట్టి పిల్లలను ఒంటరిగా పంపం. ఆ ఊరి పెద్దలు రమ్మంటేనే వెళ్తాం.

ఇక పాస్టర్ల పని అన్న మాట. 1903లో తిరునల్వేలిలో అజరయ్య ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టేటప్పటికి ఆయన ఇంకా పాస్టర్ కాలేదు. వైఎంసీఏ కార్యదర్శి, ముప్పై నిండని కుర్రాడు. ఆ సొసైటీ పనివాళ్లు వచ్చింది మన తెలుగువాళ్ల మధ్యకే, డోర్నకల్‌కి.

చదువు పాడవుతుందా? మేము అడుగుతున్నది సెలవుల్లో పది రోజులు. పోయినసారి మాతో వచ్చిన బీఎస్సీ అమ్మాయి, చదువు రాని ఒక అవ్వకి మందుల చీటీ ఎలా చెప్పాలో తెలియక కాసేపు తికమకపడింది. చివరికి ఉదయం వేసుకునే మాత్రల పొట్లానికి తెల్లదారం, రాత్రి పొట్లానికి నల్లదారం కట్టి ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆ అవ్వ తెల్లదారం పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, సరిగ్గా చేశానా అన్నట్టు. చదువు ఎందుకో ఆ పిల్లకి ఆ రోజు తెలిసింది. మన రాయగడ జిల్లాలోని బిస్సంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్‌ని 1954లో మొదలుపెట్టిన లిస్ మాడ్సెన్ గారు కూడా చదువు వదిలేసి రాలేదు. డాక్టర్ చదువుతోనే వచ్చారు.

"కొండవాళ్ల భాష రాదుగా" అని కూడా ఆ మెసేజ్‌లో ఒక ముక్క ఉంది. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు, సవరల పిల్లలకు బడులు పెట్టారు. ఆయన క్రైస్తవులు కారు. అయినా మా పిల్లలకు ఆయన పేరే చెబుతాను. ఎదుటివాళ్లకు ఏదైనా చెప్పే ముందు వాళ్ల మాట నేర్చుకోవాలన్నది వాళ్లు ఆయన దగ్గర చూడాలి.

మిగిలింది సెటిల్ అవడం. ప్రతిదానికీ సమయం ఉందని ఆ మెసేజ్ పంపేవాళ్లు బైబిల్లో ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం చూపిస్తున్నారు. అదే గ్రంథం పన్నెండో అధ్యాయం మొదట్లోనే, చిన్నతనంలోనే సృష్టికర్తను తలుచుకోమని ఉంది. అది కూడా ఫార్వర్డ్ చేయండి.

ఆ ఇద్దరి తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి రోజు మీరూ రండి. మేము ఏం చెబుతామో, ఏం చేస్తామో పక్కన కూర్చుని చూడండి. నచ్చకపోతే సాయంత్రం బస్సుకి మీ పిల్లలను మీతోనే తీసుకెళ్లిపోండి.