సవరణ: పదో అంతస్తు గడియారం నెమ్మదించదు

మొన్నటి పోస్టులో తిరగేసి రాశాను. మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో కింద వాచ్‌మన్ గదిలోని గడియారం కన్నా పదో అంతస్తులోది నెమ్మదిగా నడుస్తుందన్నాను. తప్పు. ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం ప్రకారం గురుత్వం కాలాన్ని నెమ్మదింపజేస్తుంది కాబట్టి, భూమికి దగ్గరగా ఉన్నదే వెనకబడుతుంది. 30 మీటర్ల ఎత్తుకు తేడా ఏడాదికి సెకనులో సుమారు కోటో వంతు. ఆఫీసుకు లేటైతే సాకుగా పనికిరాదు లెండి.

జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు 45 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) ముందుంటాయని అదే పోస్టులో అన్నదీ సగం మాటే. అది గురుత్వం వాటా. ఉపగ్రహ వేగం వల్ల గడియారం నెమ్మదించే 7 పోగా, మిగిలేది 38.

ఇక గురుత్వం వల్ల కొలిచే ‘టేపు కుదించుకుపోతుంది’ అని ఆ పోస్టులో రాసిన వాక్యం కొట్టేయండి. పక్కనే నిలబడి కొలిస్తే మీటరు మీటరే. వంగేది స్థలం: భూమి ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కగట్టిన వ్యాసార్ధం కన్నా, కేంద్రం దాకా నిజంగా కొలిస్తే వచ్చేది సుమారు 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ.