ముహూర్తం లేని చట్టాలు

చట్టం చేతికొస్తే చాలామంది మొదటి రెండు సెక్షన్లను దాటేసి, శిక్ష ఎంత, జరిమానా ఎంత అని వెతుకుతారు. పేరు, పరిధి, అమలు తేదీ, నిర్వచనాలు శుభలేఖ పైన వేసే శ్లోకం లాంటివని మన లెక్క. కానీ ముహూర్తం ఉండేది అక్కడే.

2024 జనవరి మొదట్లో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన బండ్లు గుర్తున్నాయా? పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(2)పై డ్రైవర్లు సమ్మెకు దిగారు. ప్రమాదం చేసి, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అంటుందది. జులై 1న సంహిత అమల్లోకి వచ్చింది, ఆ ఒక్క ఉపసెక్షన్ తప్ప. దాన్ని రద్దు చేయలేదు, సవరించనూ లేదు. వేర్వేరు నిబంధనలకు వేర్వేరు తేదీలు పెట్టుకోవచ్చన్న ఒకటో సెక్షన్ చాలింది.

డ్రైవర్ల గోడు వినడం తప్పని మేం అనడం లేదు. అయితే ఇదే వెసులుబాటు పౌరుల హక్కునూ అటక ఎక్కించగలదు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారానికి కళ్లెం వేస్తూ 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. ఆ కళ్లెం ఉన్న 3వ సెక్షన్‌కు అమలు తేదీ మాత్రం ప్రకటించలేదు. ప్రభుత్వాన్ని తేదీ ప్రకటించమని ఆదేశించలేమని 1981లో ఏ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్లమెంటు ఆమోదించిన 1995 నాటి ఢిల్లీ అద్దె చట్టానిదీ అదే గతి.

నిర్వచనాల బలం ఉద్యోగులకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, వేతనం కిందికి రావని పక్కనపెట్టిన అలవెన్సుల వంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంగానే లెక్కగడుతుంది. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచి, వేతనంపై లెక్కగట్టే చెల్లింపులను మిగుల్చుకునే ఎత్తుగడకు గండి కొట్టింది శిక్షల సెక్షన్ కాదు, రెండో సెక్షన్‌లోని ఒక నిర్వచనం! అన్నట్టు ఈ కోడ్‌ను పార్లమెంటు ఆమోదించింది 2019లో. ముహూర్తానికి ఆరేళ్లు పట్టింది.

నియమాలు రాయాలి, సిబ్బందిని సమకూర్చుకోవాలి, కొంత వ్యవధి కావాలి, నిజమే. అందుకు ఏడాది చాలదా? అమలు తేదీని ప్రభుత్వానికి వదిలే ప్రతి బిల్లులోనూ గరిష్ఠ గడువు రాయాలి. అది దాటితే జాప్యానికి కారణాన్ని మంత్రి సభ ముందుంచాలి. మన రెండు రాష్ట్రాల శాసనసభలూ ఈ పద్ధతి పెట్టుకోవచ్చు. ఇదేమీ కొత్త వింత కాదు. కేంద్ర చట్టంలో తేదీ ఊసే లేకపోతే రాష్ట్రపతి ఆమోదముద్ర పడిన రోజే అమలు మొదలని 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ ఏనాడో చెప్పింది. ‘ప్రభుత్వం ప్రకటించే తేదీ’ అన్న మాటను బిల్లులో రాసి ఆ దారి మూసుకుంటున్నది మన సభలే.