ఉప్పుటేటి పాఠం పక్క బడికి ఎందుకు చేరలేదు?

నెల్లూరు తీరంలో ఉప్పుటేటికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూలు. ఎనిమిదో తరగతి వెనక బెంచీలో ఓ యానాది పిల్లాడు. ఏమడిగినా తల దించుకునేవాడు. ఒకరోజు ఫిజికల్ సైన్స్ మేడమ్ వాణ్ని, “రేపు ఏట్లోకి పోటు ఎప్పుడొస్తుందిరా?” అని అడిగారు. వాడు తడుముకోలేదు. “ఈ పొద్దు కన్నా ముప్పావు గంట పైనే లేటుగా వస్తాది మేడమ్. అమాస దగ్గర పడితే నీళ్లు ఇంకా పైకెక్కతాయి.”

మేడమ్ ఆ మాటనే పాఠం చేశారు. పిల్లలు వారం రోజులు పోటు వచ్చే టైము నోటుబుక్కులో రాశారు. సగటు తీస్తే రోజుకు దాదాపు 50 నిమిషాల తేడా తేలింది. ఎందుకు? పోటు వచ్చేది ముఖ్యంగా చంద్రుడి ఆకర్షణ వల్ల. సూర్యుడితో పోలిస్తే చంద్రుడు ఆకాశంలో రోజుకు సుమారు 12 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. భూమి ఆ 12 డిగ్రీలు అదనంగా తిరగడానికి 48 నిమిషాలు పడుతుంది. పంచాంగంలో తిథి అంటే కూడా ఈ 12 డిగ్రీలే. లెక్క, సైన్సు, అమ్మమ్మ చెప్పే అమావాస్య, అన్నీ ఒకే బోర్డు మీదికొచ్చాయి. తిథికి ఇంత లెక్క ఉందని నాకూ ఆ రోజే తెలిసింది.

మూడు కిలోమీటర్ల దూరంలో, అదే ఏటి ఒడ్డున ఉన్న ఇంకో బడికి ఈ పాఠం చేరలేదు. నా బాధ అదే. గిరిజన పిల్లలున్న బడుల్లో మంచి సైన్సు, లెక్కల టీచర్లు ఉన్నారు. వాళ్ల పని ఆ నాలుగు గోడలు దాటే దారే లేదు. దగ్గరి బడులను ఒక గుంపుగా కలిపే స్కూల్ కాంప్లెక్స్ అనే ఆలోచన, దేశ విద్య మీద వేసిన 1964–66 నాటి కొఠారీ కమిషన్‌ది. ఆ బడుల టీచర్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలన్నదే అందులోని ఉద్దేశం. నేను చూసిన కాంప్లెక్స్ మీటింగుల్లో మాత్రం పొద్దంతా యాప్‌లూ, ఫోటోల అప్‌లోడూ, వాటి టెన్షనే. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది. ఆ గంటలు స్లైడ్లు చూడ్డానికే పోతే ఎవరికి లాభం?

సవర, కువి భాషలు మాట్లాడే గిరిజన పిల్లలకు తల్లిభాషలో పుస్తకాలు వచ్చాయి. మంచి పని. యానాదులు, నల్లమల చెంచులు మాట్లాడేది తెలుగే కాబట్టి ఇక్కడ ఇబ్బందేమీ లేదనుకుంటాం. భాష ఒకటే అయినా, ఆ పిల్లలకు తెలిసింది చదువు కిందికి రాదన్న చిన్నచూపు ఉంది. అది సర్క్యులర్‌తో పోదు. పక్క బడి టీచరు వచ్చి, వెనక బెంచీ పిల్లాడు పోటు లెక్క చెబుతుంటే కళ్లారా చూస్తే పోతుంది.

అందుకే అలాంటి మేడమ్‌కు వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించండి. పక్క బడులకు వెళ్లి పాఠం చెప్పనివ్వండి, వాళ్ల పాఠం విననివ్వండి. ప్రమోషన్ ఇచ్చి ఆఫీసులో కూర్చోబెట్టొద్దు, తరగతిలోనే ఉండాలి. పల్లిపాడు డైట్‌లో (టీచర్ల శిక్షణ కాలేజీలో) ఛాత్రోపాధ్యాయులను కూడా ఆమె వెంట ఏటి ఒడ్డుకు పంపండి.

ఇది నెల్లూరుకు కొత్త కాదు. 1990ల మొదట్లో రాత్రి బడుల్లో ఊరివాళ్లే ఊరివాళ్లకు అక్షరాలు నేర్పారు. ఆ చదువు తోడై దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమే వచ్చింది. అక్కడ నేర్పినవాళ్లకు పెద్ద హోదాలేం లేవు. నేర్పడానికి టైమూ, వెనక నిలబడే మనుషులూ ఉన్నారు.

మేడమ్ మొన్నటి బదిలీల్లో వేరే మండలానికి వెళ్లిపోయారు. పోటు టైముల నోటుబుక్కు బీరువాలో ఉందని కొత్తగా వచ్చిన సారుకు ఎవరూ చెప్పలేదు. పిల్లాడు తొమ్మిదిలోకి వచ్చాడు. మళ్లీ వెనక బెంచీలోనే కూర్చుంటున్నాడు.