మహారాజశ్రీ పెరటి గుడ్డు గారికి

మహారాజశ్రీ పెరటి గుడ్డు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఈ మధ్య ఎక్కడ విన్నా తమరి పేరే. సాఫ్ట్‌వేర్ కొలువు విసుగెత్తినవాళ్లు, పింఛను పుచ్చుకుని ఊరు చేరినవాళ్లు, హైదరాబాద్ శివార్లలో రెండొందల గజాల్లో ఇల్లు కట్టి మూలన కాస్త మట్టి మిగుల్చుకున్నవాళ్లు, అందరిదీ ఒకటే పాట: "ఐదు కోళ్లు, నాలుగు మడులు ఉంటే ఇక బజారుతో పనేముంది?" తమరు ఉచితంగా పుడతారని, వంటింటి చెత్త తిని పెరిగే పెట్టలే తమరిని కంటాయని వాళ్లకు గట్టి నమ్మకం. ఆ భ్రమ కల్పించింది తమరే కనుక లెక్క కూడా తమరి ముందే తేలుస్తున్నాం.

గుడ్లు పెట్టే కోడి రోజుకు 110 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఐదు కోళ్లకు నెలకు 18 కిలోలు. కిలో లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) 40 రూపాయలనుకుంటే 720 రూపాయలు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ లాంటి మంచి రకమైతే, పది రోజుల్లో ఆరు రోజులు పెట్టినా నెలకు 90 గుడ్లు. అంటే తమరు తలా ఒక్కరు 8 రూపాయల దాణా మింగి బయటికొస్తున్నారు. గూడు ఖర్చు, మందుల ఖర్చు, పిల్లి ఎత్తుకుపోయిన పెట్ట ఖరీదు ఇందులో కలపలేదు. నాటు పెట్ట అయితే మరీ పెద్దింటి బిడ్డ. ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెట్టి, మధ్యమధ్యలో పొదుగుకొచ్చి మూలన కూర్చుంటుంది, ముట్టుకుంటే పొడుస్తుంది. సందులో బుట్టలో పెట్టి అమ్మే గులాబీ, ఆకుపచ్చ రంగుల పిల్లల్ని చూసి మురిసిపోయేవాళ్లకు ఇంకో మాట. అవి లేయర్ హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. వాటి నుంచి తమరి దర్శనం ఈ జన్మకు లేదు.

వంటింటి చెత్త సంగతి కూడా తేల్చుకుందాం. మిగిలిన అన్నం, నూకలు, తవుడు పెడితే కోడికి కడుపు నిండుతుంది, కొవ్వు పడుతుంది, తమరు మాత్రం రారు. తమరికి మేతలో 16 శాతం దాకా మాంసకృత్తులు కావాలి, రోజుకు దగ్గరదగ్గర 4 గ్రాముల కాల్షియం కావాలి. అందుకే వేరుశనగ చెక్కో ఎండుచేపల పొడో కలపాలి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టి వదిలేయాలి. కావలసినంత కోడే ఏరుకుంటుంది. అలాగని లేయర్ దాణా పిల్లలకు పోస్తే అందులోని కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది. గుడ్డుకొచ్చేదాకా వాటికి వేరే దాణా. ఎకరం తోటలో తిరిగి చెదలు, పురుగులు, గడ్డి ఏరుకుతినే కోడికి దాణా సగం మిగిలి, తమరి ఖరీదు 4 రూపాయలకు దిగొచ్చు. సిమెంటు గచ్చు మీద తిరిగే కోడికి ఆ అదృష్టం లేదు. బూజు పట్టిన మొక్కజొన్న చవగ్గా దొరికిందని తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ బూజు విషం కోడి కాలేయాన్నే తింటుంది.

తమరి మాతృశ్రీ నివాసం గురించి. షట్కోణాల కోళ్ల వల కోడిని లోపల ఆపుతుందే గానీ ముంగిసను బయట ఆపదు. కుక్క పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ (గట్టి ఇనుప జాలీ) కట్టాలి, అడుగు వెడల్పు మెష్‌ను గోడ మొదట్లో బయటివైపు నేలమీద పరిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది గనుక అక్కడే జాలీ అడ్డుపడుతుంది. రాత్రి పడుకోవడానికి ఒక్కో కోడికి రెండు చదరపు అడుగుల చోటు, రెండడుగుల ఎత్తున కర్ర మీద తొమ్మిది అంగుళాల జాగా చాలు. గుడ్లు పెట్టే పెట్టె మాత్రం ఆ కర్ర కన్నా కిందే ఉండాలి. పైనుంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి, తెల్లారేసరికి తమరు మురికిపట్టి ఉంటారు. ఇల్లాలు కడుగుతుంది, కడగడంతో పెంకు మీది సన్నటి పొర పోతుంది, పెంకు రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి దారి చూసుకుంటాయి. పొడిగా తుడిచిన గుడ్డు బయట నిలుస్తుంది, కడిగినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయాలి.

అసలు విషయం టీకా. కొక్కెర తెగులు వచ్చిందంటే పెరడంతా ఒక్క వారంలో ఖాళీ. పచ్చగా పారడం, మెడ వంకర తిరగడం మొదలయ్యాక చేయగల వైద్యం లేదు. ముందే, పిల్ల పుట్టిన ఏడో రోజున లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయాలి, 28వ రోజున మళ్లీ వేయాలి, ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌2బీ సూది వేయించాలి. ఆర్‌2బీ గట్టి టీకా, చిన్న పిల్లలు తట్టుకోలేవు. దోమల వల్ల వచ్చే మశూచికి ఆరో వారంలో ఇంకో పోటు. ఇదంతా పుస్తకంలో బాగానే ఉంటుంది. కానీ తమరి స్వయంసమృద్ధి సామ్రాజ్యంలో ఉన్నవి ఐదు కోళ్లు, సీసాలో ఉన్నవి వంద మోతాదులు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాల్సిన మందు, ఒకసారి కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. దాచి రేపు వేస్తే నీళ్లు వేసినట్టే. దీనికి దారి ఒక్కటే. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు మాట్లాడుకుని ఐసు డబ్బాతో సీసా తెచ్చుకోవాలి. బజారుతో పనిలేదన్న మనిషి కోళ్ల కోసం పక్కింటి తలుపు తట్టాల్సిందే.

ఇక తమరి చుట్టపు కూరగాయలు. తోటకూర గింజలు చల్లిన మడిలోకి పెట్ట ఒక్క పది నిమిషాలు దిగితే చాలు, 25 రోజుల్లో కోతకు రావాల్సిన పంట ఆ పూటకే ముగిసింది. దాని కాలికి మొలకా కలుపూ ఒకటే. నాలుగడుగుల కంచె వేసి, ఒక్క రెక్క ఈకలే కత్తిరించాలి. రెండూ కత్తిరిస్తే సమతూకం కుదిరి ఎగిరే ప్రయత్నం చేస్తూనే ఉంటుంది. పంట అయిపోయిన మడిలోకి మాత్రం దింపండి, పురుగుల్ని, కలుపుని తినిపెడుతుంది. ఎరువు ఉచితమే కదా అని పచ్చి రెట్ట టమాటా మొదట్లో పోస్తే నత్రజని వేడికి వేర్లు మాడతాయి. బతికినా ఆకులే తప్ప కాయ ఉండదు. ఒక పాలు రెట్టకు రెండు మూడు పాళ్లు ఎండుటాకులు కలిపి, తడిపి, వారానికోసారి తిరగేస్తూ రెండు మూడు నెలలు మగ్గనివ్వాలి. పచ్చిగా తినే కొత్తిమీర మడికి మగ్గని ఎరువు అసలొద్దు. ఇంత చేసినా పప్పు, నూనె, చింతపండు బజారు నుంచే వస్తాయి, అది వేరే సంగతి.

ఎండాకాలంలో తమరి పెంకు పలచబడిపోవడం మీద ఫిర్యాదు. నలభై డిగ్రీలకు కోడి నోరు తెరిచి రొప్పుతుంది, ఆ రొప్పులో బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి పెంకు కట్టడానికి సరుకు తగ్గుతుంది. ఆల్చిప్పలెన్ని పోసినా లాభం తక్కువ. నీడ, తడి గోనెపట్టా, మధ్యాహ్నం మార్చిన చల్లటి నీళ్లు, తెల్లవారుజామునా చీకటిపడ్డాకా మేత, ఇవే దానికి మందు.

ఈ లేఖ చిత్తగించి, తమరిని ఉచితమనే వాళ్లకు ఖాతా పుస్తకం చూపించ ప్రార్థన.

ఇట్లు,
తమరిని కొనకుండా తినాలనుకున్నవాళ్లు

తా.క.: నాటు పెట్ట కింద పన్నెండు గుడ్లు పెట్టి 21 రోజులు ఆగితే, వచ్చినవాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి. పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది, గుడ్డు మాత్రమే కావాలంటే అదీ అక్కర్లేదు. మిగిలినవి తెల్లవారుజామున నాలుగింటికే కాలనీని లేపుతున్నాయి, పక్కింటాయన పందేనికేమో అని ధర కూడా అడిగాడు. సంక్రాంతికి అల్లుడుగారు వస్తున్నట్టు కబురు పంపాం.